మంగళవారం నాడు బుధవారం తుపాకీ

ఆ మంగళవారం ఉదయం డెల్బర్ట్ హచిన్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మంగళవారం తుపాకీ పెట్టుకోవాలి. ఊళ్ళోకి వెళ్ళి నలుగురికీ కనిపించాలి. మధ్యాహ్నం ఎర్లీన్ హోటల్లో చిక్కుడుగింజల కూరా మొక్కజొన్న రొట్టే తినాలి. సాయంత్రం ఆరింటికి టౌన్‌హాల్లో కౌన్సిల్ ముందు నిలబడి, బతుకులో మొదటిసారి గురువుగారు అనిపించుకోవాలి.

ఓక్లహోమాలో పికెట్ వెల్స్ లాంటి ఊళ్ళో తుపాకీ ఉండటం ఏమంత గొప్ప కాదు. గొడుగులున్న ఇళ్ళ కంటే తుపాకులున్న ఇళ్ళే ఎక్కువ. గొప్పంతా అది ఒంటిమీద ఉన్నట్టు ఎదుటివాడికి తెలియకపోవడంలో ఉంది. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం నుంచి దిగిపోయాక ఈ పదకొండేళ్ళుగా డెల్బర్ట్ చేసిన సాధన అంతా అదే. బీరువా తలుపు లోపలివైపు ఒక పట్టిక అంటించి ఉంటుంది. వారానికి ఏడు రోజులు, ఏడు తుపాకులు, ఏడు చోట్లు. ఒక్కదాన్నే రోజూ మోస్తే ఒంటికి అలవాటైపోయి మనిషి ఏమరుపాటులో పడతాడని ఆయన సిద్ధాంతం.

సోమవారం అరచేతిలో ఇమిడే బుల్లి పిస్తోలు, కుడిజేబులో. ఆ రోజు కుడిచెయ్యి జేబు దాటి రాదు, ఎవరైనా చెయ్యి కలపబోతే ఎడమచెయ్యి ఇస్తాడు. మంగళవారం ఎడమ చీలమండకు పట్టీతో బిగించే రివాల్వర్, కాలు కాస్త ఈడుస్తుంది. బుధవారం తాతగారి పెద్ద పిస్తోలు, కుడినడుముకు. అది ముదిరిన సొరకాయంత బరువు, పైన కోటు లేకపోతే దాగదు. గురువారం ఎడమచంకలో, మోచెయ్యి ఎడంగా పెట్టి నడవాలి. శుక్రవారం బొడ్డు దగ్గర, వంగడానికి లేదు. శనివారం వెనక నడుములో, కుర్చీ అంచునే కూర్చోవాలి. ఆదివారం చర్చికి చొక్కాలోపల పొట్టకు కట్టేది, ఊపిరి పీలిస్తే బిగుస్తుంది కనుక పాటలకు పెదవులు మాత్రం కదుపుతాడు. ఇంత చక్కటి ఏర్పాటు కుదరడానికి ముందు కొని, పనికిరావని పక్కన పడేసిన తోలు ఒరలు గరాజులో అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఒకదాంట్లో ఆయన భార్య నేడీన్ కత్తెర పెట్టుకుంది, ఇంకోదాంట్లో అప్పడాల కర్ర సరిగ్గా పట్టింది.

తుపాకీ దాచి మోయడం ఎలాగో జనానికి ఉచితంగా నేర్పించాలని కౌన్సిల్ ఈమధ్యే నిర్ణయించింది. నేర్పే మనిషిని ఈ సాయంత్రం ఎన్నుకుంటారు. ఉద్యోగం దిగాక డెల్బర్ట్‌ని ఊళ్ళో ఎవరూ ఏ విషయంలోనూ సలహా అడగలేదు. ఆ సంగతి ఆయనకు బాగా బాధ. అందుకే నాలుగు పేజీల ఉపన్యాసం రాసి, అద్దం ముందు ఇరవైసార్లు చదువుకున్నాడు.

పట్టీ బిగించబోతే చీలమండ ఒప్పుకోలేదు. ముందురోజు పెరట్లో ఎర్రచీమల పుట్ట తొక్కాడు. రాత్రికి రాత్రి కాలు పొంగిన రొట్టెలా అయింది.

"మందు రాసుకోమంటే ఉపన్యాసం చదువుకుంటూ కూర్చున్నావు," అంది నేడీన్ ట్యూబు అందిస్తూ. "ఇవాళ్టికి ఏదీ వద్దులే."

"ఇవాళ కాక ఇంకెప్పుడు? బుధవారం దాన్ని పెట్టుకుంటాను."

నేడీన్ చేతిలో కాఫీ ఆగిపోయింది. "బుధవారం దాన్నా? మంగళవారం పూటా? వద్దు డెల్బర్ట్. కావాలంటే సోమవారందే మళ్ళీ పెట్టుకో."

"సోమవారంది శుభ్రం చెయ్యాలి. అయినా ఏది పెట్టుకుంటే ఏముంది, కనిపిస్తేగా ఎవరికైనా."

"పోనీ ఎర్లీన్‌కి ఒక ఫోన్ చేసి చెప్పనా?"

"ఎర్లీన్‌కి ఏం చెబుతావు? ఎందుకు చెబుతావు?"

"ఏం లేదులే," అని నేడీన్ కాఫీలోకి చూస్తూ ఉండిపోయింది. ఆడవాళ్ళకు ఆయుధశాస్త్రం అర్థం కాదని డెల్బర్ట్ సరిపెట్టుకున్నాడు.

ఆగస్టు ఎండ పొద్దున ఎనిమిదింటికే మాడు పగలగొడుతోంది. కోటు బొత్తాలు పెట్టుకొని, బరువుకు కుడివైపు ఒరిగి, డెల్బర్ట్ మెయిన్ స్ట్రీట్ వెంట నడిచాడు. ఆయన వెళ్ళిన కొద్దీ వెనక ఏదో గరగరమని చప్పుడు. తిరిగి చూస్తే ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరు చెత్తడబ్బా దొర్లించుకుంటూ వచ్చి రోడ్డుపక్కన పెడుతున్నారు. చెత్తబండి వచ్చేది బుధవారం కదా అనుకున్నాడు. ఒకరోజు ముందే ఇంత శుభ్రత ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు.

మంగలి డబ్ ప్రూయిట్ షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డబ్ ముప్ఫై ఏళ్ళుగా ఒకటే తుపాకీ మోస్తున్నానంటాడు, అది ఎక్కడుందో మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పడు.

"ఏవోయ్ డెల్బర్ట్, ఎండలో కోటు బాగా హాయిగా ఉందా?"

"నాకు చలి."

"ఉంటుంది, ఉంటుంది. నేనెప్పుడూ అంటూ ఉంటాను, కొంతమంది ఉంటారూ అని. రోజుకొకటి, రోజుకో చోట. తీరా అవసరం వస్తే చేతికి దారి తెలియదు. వీడు ఒళ్ళంతా తడుముకునేలోపు దొంగ పని ముగించుకొని, ఇంటికెళ్ళి, భోంచేసి పడుకుంటాడు."

లోకంలో అలాంటివాళ్ళు ఉంటారని డెల్బర్ట్ కూడా ఒప్పుకొని ముందుకు కదిలాడు. లైబ్రరీలో నీడపట్టున కూర్చుని ఉపన్యాసం ఇంకోసారి చదువుకొని, పన్నెండు కావస్తుండగా హోటలుకు బయలుదేరాడు. దారిలో అద్దంలోంచి చూస్తే డబ్ కుర్చీలో మెడదాకా గుడ్డ కప్పుకొని డిప్యూటీ రాయిస్ కూర్చున్నాడు. ఊరికి ఉన్న పోలీసు ఆ కుర్రాడొక్కడే. డబ్ డెల్బర్ట్ వైపు చూశాడు, గోడగడియారం వైపు చూశాడు, కత్తెర కింద పెట్టాడు.

హోటల్లో ఎర్లీన్ అడక్కుండానే వేపిన చేప తెచ్చి ముందు పెట్టింది. హోటలు ఆవిడదే, ఊరి మేయరూ ఆవిడే.

"ఎర్లీన్, నాకు చిక్కుడుగింజలు కదా ఇవాళ."

"బంగారం, చిక్కుడుగింజలు నిన్న. ఇవాళ చేప. వేడిగా ఉంది, తిను."

"నిన్న తిన్నది మాంసం పులుసు."

ఎర్లీన్ ఆయన కోటును ఎగాదిగా చూసి, నుదుటిమీద చెయ్యి వేసింది. "ఎండదెబ్బ తగిలినట్టుంది. మంచినీళ్ళు తాగు," అని వెళ్ళిపోయింది. చుట్టూ చూస్తే అందరూ చేపే తింటున్నారు. ఎవ్వరూ కిక్కురుమనడం లేదు. డెల్బర్ట్ కూడా తిన్నాడు, కానీ ముద్ద ముద్దకూ అనుమానం పెరిగింది.

బయటికొచ్చేసరికి డబ్ షాపుకు తాళం. మంగళవారం మధ్యాహ్నం తాళం పడటం డెల్బర్ట్ ఎరగడు. ఇంటికి వెళ్ళే దారిలో ఇరవై నాలుగు చెత్తడబ్బాలు లెక్కపెట్టాడు. రాని బండి కోసం ఎదురుచూసి విసిగిన కుక్కలు డబ్బాలను పడదోసి వీధంతా పరిచాయి. చూడబోతే ఎవరో కావాలని దారికి అడ్డం పెట్టించినట్టే ఉంది. ఊళ్ళో ఏదో జరుగుతోంది, అది ఊరంతటికీ తెలుసు, తనకొక్కడికే చెప్పడం లేదు.

ఆరింటికి నేడీన్‌తో కలిసి వెళ్తే టౌన్‌హాల్ చీకటిగా ఉంది. కౌన్సిల్ సభ్యులు ఐదుగురిలో ఒక్కరూ లేరు. ఆరుంపావు దాకా చూశాడు. ఎర్లీన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాయిస్‌కి చేస్తే ఎత్తలేదు.

"పోలీసు కూడా ఎత్తడం లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "నేడీన్, నువ్వు కారులో కూర్చుని తలుపులు వేసుకో."

"డెల్బర్ట్, అందరూ చర్చిలో ఉంటారు. పద, వెళ్ళి చెబుదాం."

"చర్చిలో భోజనాలు బుధవారం రాత్రి కదా. మంగళవారం అక్కడ ఏం పని? ఎవరో తీసుకెళ్ళి పెడితే తప్ప."

నేడీన్ ఏదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. పదకొండేళ్ళలో ఆ ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు. "సరే, వెళ్ళు. నేను వెనకే వస్తాలే," అంది నీరసంగా.

చర్చి భోజనాల గదిలో దీపాలు వెలుగుతున్నాయి. డెల్బర్ట్ పొదల మాటున కుంటుకుంటూ వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాడు. అరవైమంది దాకా బల్లల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. అందరూ తలలు దించుకొని, కళ్ళు మూసుకొని, పక్కవాళ్ళ చేతులు గట్టిగా పట్టుకొని ఉన్నారు. ఐదుగురు కౌన్సిల్ సభ్యులూ అక్కడే. మధ్యలో డిప్యూటీ రాయిస్. పాపం ఆ కుర్రాడికి ఎవరో సగం తల గొరిగేశారు. చిత్రహింస ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

భోజనానికి ముందు చేసే ప్రార్థన ఎలా ఉంటుందో డెల్బర్ట్‌కి తెలియక కాదు. అరవై ఎనిమిదేళ్ళుగా ఆయనా చేస్తున్నాడు. కానీ అవసరం కోసం పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషికి, తీరా అది వచ్చినట్టు కనిపిస్తే ఇంకేమీ గుర్తుండదు. భుజంతో తలుపు నెట్టాడు.

"ఎవరూ భయపడకండి," అని అరిచి తుపాకీ కోసం చెయ్యి చాచాడు. మంగళవారం కనుక చెయ్యి తిన్నగా ఎడమ చీలమండకు వెళ్ళింది. అక్కడ తుపాకీ లేదు, చీమకాటు ఉంది. బాధకు ఆ కాలు ఎత్తాడు. ఒంటికాలిమీద మూడు గెంతులు గెంతాడు. బుధవారం తుపాకీ బరువు కుడివైపుకు లాగింది. తలుపు పక్కనే మిఠాయిల బల్ల ఉంది. నడుమున ఉన్న పిస్తోలు ఒరలోంచి అంగుళం కదల్లేదు కానీ, డెల్బర్ట్ మాత్రం అరటిపండు పుడ్డింగులో మోచేతులదాకా దిగిపోయాడు.

ప్రార్థన ఆగింది. ఎర్లీన్ కళ్ళు తెరిచి తాపీగా అడిగింది.

"బుధవారం పూట కాలి దగ్గర ఏం వెతుకుతున్నావు డెల్బర్ట్? అది మంగళవారానిది కదా."

ఎర్లీన్ నాలుక కరుచుకుంది. అప్పుడే లోపలికొచ్చిన నేడీన్ గోడకు ఆనుకొని నిలబడిపోయింది.

"నీకెలా తెలుసు?" అన్నాడు డెల్బర్ట్.

చివరికి డబ్ గొంతు సవరించుకున్నాడు. "చెయ్యి జేబులో ఉంటే సోమవారం. కాలు ఈడిస్తే మంగళవారం. కోటేసుకొని ఒరిగితే బుధవారం. ఎడమ మోచెయ్యి ఎడంగా ఉంటే గురువారం, చెత్తబండి వెళ్ళిపోయిందని గుర్తు. మిగతాది నీకే తెలుసు."

"ఫోన్లు లేవా మీకు?"

"ఫోన్‌లో చూడాలంటే కళ్ళజోడు వెతుక్కోవాలి. నిన్ను చూడ్డానికి అక్కర్లేదు," అన్నాడు పాస్టరుగారు మర్యాదగా.

డెల్బర్ట్ పుడ్డింగు చేతులతోనే కోటు బొత్తాలు విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. "ఇవాళ మంగళవారం," అన్నాడు మెల్లగా. "కాలు వాచి దీన్ని పెట్టుకున్నాను."

అప్పుడు లేచింది గోల. తాను చేప ఎందుకు వేయించినట్టని ఎర్లీన్. రేపు మళ్ళీ గిన్నెలు నింపి తేవాలా అని ఆడవాళ్ళు. చెత్త ఎవరు ఎత్తుతారని మగవాళ్ళు. అందరికంటే దీనంగా ఉన్నది రాయిస్.

"బుధవారం పన్నెండింటికి షాపు కట్టేస్తాను, మిగతా సగం రేపన్నాడు సార్ ఈయన. ఇవాళ మంగళవారం కదా అన్నాను. కిటికీలోంచి చూడమన్నాడు. చూస్తే మీరు కోటుతో వెళ్తున్నారు. నేనే క్షమాపణ చెప్పి లేచొచ్చాను."

డెల్బర్ట్ నేడీన్ దగ్గరకు నడిచాడు. "నీకూ తెలుసా?"

"నేనే అందరి కాళ్ళావేళ్ళా పడి చెప్పొద్దన్నాను," అంది నేడీన్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉద్యోగం అయిపోయాక మూడునెలలు వరండాలోంచి లేవలేదు నువ్వు. తర్వాత ఒకరోజు ఆ తోలు పట్టీలు కట్టుకొని ఊళ్ళోకి బయలుదేరావు. మళ్ళీ ఎక్కడ కూర్చుండిపోతావో అని భయమేసింది."

ఐదుగురు సభ్యులూ ఎలాగూ ఉన్నారు, ఆ రోజు నిజంగానే మంగళవారమని తేలింది కనుక ఎర్లీన్ అక్కడే సమావేశం జరిపించింది. దాచడం నేర్పే గురువుగా డెల్బర్ట్ పేరు చదివితే ఒక్క చెయ్యీ లేవలేదు. డబ్ పేరుకు ఐదు చేతులూ లేచాయి, ఆయన తుపాకీ ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు కనుక. డెల్బర్ట్ నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే రేపటినుంచి ఏదీ పెట్టుకోను. అన్నీ బీరువాలోనే ఉంటాయి," అన్నాడు.

"అదెలా కుదురుతుంది?" అంది ఎర్లీన్ కంగారుగా. "గురువారం అయిందని మాకెలా తెలుస్తుంది?"

అప్పటికప్పుడు రెండో తీర్మానం పుట్టింది. డెల్బర్ట్ హచిన్స్ గారు పట్టికను మార్చదలిస్తే ఒకరోజు ముందుగా పోస్టాఫీసు దగ్గర నోటీసు అంటించాలి. ఇది ఏకగ్రీవంగా నెగ్గింది. దానిమీద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాడు సిసలైన బుధవారం. డెల్బర్ట్ చాలాసేపు బీరువా ముందు నిలబడ్డాడు. తర్వాత కోటేసుకొని, బీరువాకు తాళం వేసి, తాళంచెవి నేడీన్ చేతిలో పెట్టాడు. కాలికి మందు రాయడం మర్చిపోవద్దని మాత్రం అంది ఆమె. ఆయన కుడివైపుకు ఒరిగి మెయిన్ స్ట్రీట్ వెంట నడిచాడు. వెనక చెత్తడబ్బాలు గరగరమన్నాయి. ఎర్లీన్ పెనం పొయ్యిమీద పెట్టింది.

"ఏవోయ్, పెద్దది ఇవాళ మరీ బరువుగా ఉన్నట్టుందే," అన్నాడు డబ్.

"మోయలేకపోతున్నాను," అన్నాడు డెల్బర్ట్.

కోటు కింద తోలు ఒరలో చీమకాటు మందు ట్యూబు ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి, డెల్బర్ట్ ఒంటిమీద ఏముందో పికెట్ వెల్స్‌లో ఎవరికీ తెలియలేదు.