ఎవరైనా పడ్డారా?

ఆదివారం పొద్దున అత్తగారు మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేలోపు పని ముగించాలన్నది కొత్త కోడలి పథకం. పథకం చాలా చిన్నది. బంతి రేకులు వేసి సన్నని సెగ మీద కాచిన నూనెను వడకట్టాలి, అందులో తేనెమైనం కరిగించాలి, డబ్బాలో పోయాలి, గిన్నె కడిగి బోర్లించాలి, ఏమీ ఎరగనట్టు హాల్లోకి వచ్చి కూర్చోవాలి. కెమిస్ట్రీలో డిగ్రీ చదివిన మనిషికి ఇదొక లెక్కా అనుకుంది. పైగా పెళ్ళయిన కొత్త. గిన్నెలో నూనె బంగారు రంగుకు తిరిగినా సరే, పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచి చూపించాలనిపించే రోజులవి.

ఇదంతా ఒక మోకాలి కోసం. ఆ మోకాలు పక్క వాటాలో ఉండే ఆడపడుచు కూతురిది. ఇంట్లో ఆ పిల్లని ఇన్‌స్పెక్టరు అంటారు. పాలిస్తే గ్లాసు అడుగు చూస్తుంది, చాక్లెట్ ఇస్తే ఎందుకిచ్చావని అడుగుతుంది. పరిగెత్తకుండా నడవడం దానికి చేతకాదు కాబట్టి పడని రోజు ఉండదు. పడ్డాక ఏడవదు, దాక్కుంటుంది. ఎందుకంటే వాళ్ళమ్మ మందుల షాపులో పనిచేస్తుంది, ఆవిడ చేతిసంచీలో, రాస్తే భగ్గున మండే టించరు సీసా ఎప్పుడూ ఉంటుంది.

కొత్త కోడలు కాపురానికి వచ్చిన వారంలోనే ఇన్‌స్పెక్టరు అందరి ముందూ మావయ్యని, అంటే ఆమె మొగుణ్ణి, ఒక ప్రశ్న అడిగింది. "ఆవిడ ఎప్పుడెళ్ళిపోతుంది?" అందరూ పగలబడి నవ్వారు. కొత్త కోడలు కూడా నవ్వింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆ పిల్ల నోట అత్తా అనిపించుకోవాలని అప్పుడే అనుకుంది. మండని మందు ఒకటి చేసి పెడితే అంటుందేమోనని ఆశ. ఆడపడుచుకి తెలిస్తే నవ్వుతుందని భయం. అందుకే గుట్టు.

గుట్టుగా చేద్దామనుకున్న పని, పూలు కోసిన మొదటి రోజే వాసన కొట్టింది. అత్తగారి కుండీల్లో బంతి పూలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. చీడ అయితే ఆకులు తింటుంది గానీ పూలు మాత్రమే ఏరుకుని తినదని అత్తగారు పైకే అన్నారు. ఆ రేకులు కొత్త జంట మంచం కింద, కాగితాల మీద ఆరుతున్నాయి. తడి ఏమాత్రం మిగిలినా లేపనం బూజు పడుతుంది కనక అవి గలగలమనేదాకా ఎండాలి. ఈలోగా మొగుడికి తుమ్ములు పట్టుకున్నాయి. దుప్పటి కొత్తది కదమ్మా అని అతను సర్దిచెప్పాడు. ఆవిడ ఆ దుప్పటిని రెండు చేతులతో ఎత్తి వాసన చూసి, మడతపెట్టి వెళ్ళిపోయారు.

ఆదివారం నాడు వంటగది గుమ్మం దగ్గర కాపలా మొగుడిదే. మంచినీళ్ళకి కూడా వంటగదిలోకి రాని మనిషి ఆ పూట గుమ్మానికి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అటుగా వచ్చిన ఆడపడుచు అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏంట్రా తమ్ముడూ, లోపల ఎవరినైనా దాచావా?"

"అబ్బే, ఊరికే. గాలికి."

"వంటగది గుమ్మంలో గాలా?" అంటూ ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

లోపల మాత్రం అంతా ముచ్చటగా సాగింది. చల్లని చెంచా మీద ఒక చుక్క వేసి చూస్తే అది వెన్నలా గడ్డకట్టింది. కొత్త కోడలు డబ్బా నింపుకుని, గిన్నెకి అంటుకున్న మైనాన్నీ నూనెనీ పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆ గుడ్డని మూలనున్న బకెట్లో వేసింది. ఆ ఇంట్లో ఏదీ పారేయరనీ, ఆ బకెట్లో పడిన గుడ్డలన్నీ మర్నాడు హాలు తుడిచే గుడ్డలనీ ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

లేపనాన్ని ముందు తన మోచేతి లోపలివైపు రాసుకుని చూసుకుంది. దద్దురు లేదు, దురద లేదు. కానీ బాగున్న చర్మం మీద బాగుండటం గొప్పేం కాదు. పిల్లకి రాసేముందు పెద్దవాళ్ళ దెబ్బ ఏదైనా దొరికితే బాగుణ్ణు. సోమవారం పొద్దున కాఫీలు అందిస్తూ అందరి మోచేతులూ మోకాళ్ళూ ఓరగా చూసింది. ఎక్కడా గీత కూడా లేదు.

"ఎవరైనా ఈమధ్య పడ్డారా అత్తయ్యా?"

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఎవరు పడాలమ్మా?"

"ఎవరైనా పర్లేదు."

ఆ మాట అన్నాక గానీ అది చెవులకి ఎలా వినబడిందో కొత్త కోడలికి తెలియలేదు. అత్తగారు తన కాఫీని ఒకసారి వాసన చూసి, పక్కకి జరిపి, గుడ్డ తీసుకుని హాలు తుడవడానికి వెళ్ళిపోయారు. మనసు బాగోలేనప్పుడు ఆవిడ నేలని కసిగా తుడుస్తారు. ఆ రోజు మరీ కసిగా తుడిచారు. హాలు అద్దంలా తళతళలాడింది.

డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మామగారు ఆ తళతళ మీదికి రోజూ వచ్చినట్టే ఛాతీ ముందుకి పెట్టి వచ్చారు. కాళ్ళు ఆయన కంటే ముందు వెళ్ళిపోయాయి. జన్మలో ఎవరి ముందూ తల వంచని మనిషి నడుం మీద జారుకుంటూ వెళ్ళి సోఫా కింద సగం దూరి ఆగారు.

చప్పుడు వినగానే కొత్త కోడలు ప్రత్యక్షమైంది. కంగారుగా వచ్చి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. చేతిలో డబ్బాతో, మూత తీసి మరీ వచ్చింది. ముఖంలో ఒక వెలుగు.

"మామయ్యగారూ, ఎక్కడైనా దోక్కుపోయిందా?"

పక్క వాటా నుంచి పరిగెత్తుకొచ్చిన ఆడపడుచు నేల మీద వేలు పెట్టి రాసి చూసింది. జిడ్డు. ఆ వేలుని అందరికీ చూపించింది. తర్వాత డబ్బా వైపు చూసింది.

"అదేంటి?"

కొత్త కోడలు, మొగుడు ఒకేసారి జవాబు చెప్పారు. ఆమె ముఖానికి రాసుకునే క్రీమంది, అతను బూట్ల పాలిషన్నాడు.

"అంటే నువ్వు బూట్లకీ, నీ పెళ్ళాం ముఖానికీ ఒకటే వాడతారా?"

అత్తగారు డబ్బా అందుకుని వాసన చూశారు. "ఇవి నా బంతి పూలు," అన్నారు. మాయమైన పూలు, తుమ్ములు, కూతురు చెప్పిన గుమ్మంలో గాలి, ఎవరైనా పర్లేదన్న మాట, అన్నీ ఆవిడ కళ్ళలో ఒకదాని వెనక ఒకటి కదిలాయి. మందు చేసి, మనుషుల్ని పడేసి, పరీక్ష చేస్తోందన్నమాట. చదువుకున్న పిల్ల అంటే ఇదా అని ఆడపడుచు అడిగేసింది కూడా.

ఇక దాచి లాభం లేదు. కొత్త కోడలు తల వంచుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేల సంగతి తనకి నిజంగా తెలియదంది. మందు ఇన్‌స్పెక్టరు మోకాలి కోసమంది, మండకుండా ఉండాలని చేశానంది.

"నాకొద్దు." ఆ గొంతు బల్ల కింద నుంచి వచ్చింది. ఇన్‌స్పెక్టరు మొదటినుంచీ అక్కడే ఉంది.

ఆ ఒక్క మాటతో కొత్త కోడలి ముఖంలో వెలుగు ఆరిపోయింది. డబ్బాకి మూత పెట్టేసింది. ఈలోపు ఆడపడుచు సంచీ తెరిచి టించరు సీసా బయటికి తీసింది. సోఫా కిందే ఉన్న మామగారు దోక్కుపోయిన మోచెయ్యి దాచుకున్నారు.

"అది అక్కడే పెట్టు. కోడలు చేసిందే రాయండి."

"అదేంటో తెలియకుండానా నాన్నా?"

"ఇదేంటో తెలుసు కాబట్టే అంటున్నాను."

గాయాన్ని సబ్బు నీళ్ళతో కడిగి కొత్త కోడలు పైపైన లేపనం రాసింది. ఇన్‌స్పెక్టరు బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చి తాతయ్య కళ్ళల్లోకి టార్చి వేసి చూసింది. నీళ్ళు లేవు. మండలేదని ఒట్టు పెట్టించుకుంది. మళ్ళీ బల్ల కిందికి వెళ్ళిపోయింది.

మర్నాటికి మామగారి చెయ్యి వాచలేదు, చీము పట్టలేదు. అయినా అత్తగారు లొంగలేదు. చిన్న దెబ్బ ఏమీ రాయకపోయినా మానుతుందన్నారు. ఏదీ పారేయని ఇల్లు కనక, ఆ డబ్బాని తలుపుల కిర్రు పోవడానికి వాడదామని తీర్మానించి, ఆవిడ దాన్ని తీసుకుని వీధి తలుపు దగ్గరికి బయల్దేరారు.

సరిగ్గా అప్పుడు ఇన్‌స్పెక్టరు కుంటుకుంటూ లోపలికి వచ్చింది. మోకాలంతా ఎర్రగా ఉంది.

"అయ్యో, నా తల్లే. మీ అమ్మని పిలవనా?" అన్నారు అత్తగారు.

"వద్దు. అత్తని పిలువు."

వంటగదిలో ఉన్న కొత్త కోడలి చేతిలోంచి గరిటె జారిపోయింది. పరిగెత్తుకొచ్చి, డబ్బా అందుకుని, నీళ్ళు తెస్తానంది. నీళ్ళొద్దంటూ పిల్ల మోకాలు వెనక్కి లాక్కుంది. సరే అని అంచు మీద కాస్త లేపనం పెట్టి వేలితో మెల్లగా రాసింది. వేలు ఎర్రబడింది. కింద చర్మం నున్నగా ఉంది. ఎరుపు స్కెచ్ పెన్నుది.

కొత్త కోడలు తలెత్తింది. ఇన్‌స్పెక్టరు ఆమెను రెప్పవేయకుండా చూస్తోంది. చెప్పేస్తావా అన్నట్టుంది ఆ చూపు.

"బాగా నొప్పిగా ఉందా?" అంది కొత్త కోడలు.

"చాలా. మెల్లగా రాయత్తా."

మెల్లగానే రాసింది. నూనెకి రంగంతా కరిగింది. గుడ్డతో ఒక్కసారి తుడిచేసరికి మోకాలు నిన్నటి హాల్లా మెరిసింది. కళ్ళజోడు గదిలో మరిచిపోయి వచ్చిన అత్తగారు ఆ మోకాలిని ఇటు తిప్పీ అటు తిప్పీ చూశారు. తర్వాత డబ్బాని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకి అద్దుకున్నంత పని చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచారు.

సాయంత్రానికి ఆ వీధిలో తెలియని వాళ్ళు లేరు: ఎంత దెబ్బైనా రాయగానే మాయమవుతుందట, మచ్చ కూడా ఉండదట, కాకపోతే తుడిచిన గుడ్డకి కాస్త ఎరుపు అంటుతుందట.