ఎర్ర చీటీ పడిన ఇల్లు

వంటింటి కుళాయికి కారడం తప్ప ఇంకో పని చేతకాదు. కట్టేస్తే కారుతుంది, తిప్పితే ఆగిపోతుంది. నెల రోజులుగా ప్లంబర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "దార్లో ఉన్నానండీ" అంటాడు. ఏ దారో చెప్పడు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎటు బయల్దేరినా ఎప్పటికో అప్పటికి ఇక్కడికే చేరతాడని ప్రొఫెసరమ్మ సరిపెట్టుకుంది.

ఆ రోజు మాత్రం ఆమెకు సరిపెట్టుకునే ఓపిక లేదు. పేద కుటుంబాల్లో పిల్లల బాగోగుల మీద ఆవిడ చేస్తున్న పరిశోధన ఎలా ఉందో చూడడానికి నిధులిచ్చే సంస్థ పెద్దావిడ వస్తోంది. ఆవిడకి నచ్చితే ఇంకో మూడేళ్ళు పని నడుస్తుంది. నచ్చకపోతే నెలాఖరుకి ఆఫీసుకి తాళం, తన కింద పనిచేసేవాళ్ళంతా రోడ్డు మీద. అందుకని పొద్దున్నే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కూతుర్ని బస్సెక్కించి, అందరికంటే ముందు ఆఫీసుకి చేరాలన్నది ఆవిడ ప్లాను.

"ఆ కుళాయికి గుడ్డ కట్టమన్నానా?" అంది భర్తతో.

"కట్టాను. ఇప్పుడు గుడ్డ కూడా కారుతోంది."

"నోటికేం తక్కువ లేదు."

ఆయన నోటిని కుళాయి కంటే మెరుగ్గా కట్టేసుకున్నాడు. ఆయన బీమా కంపెనీలో గుమాస్తా, ఇంటినుంచే పని. ఇంటినుంచి పనిచేసేవాడికి ఇంటి పని కూడా ఉద్యోగంలో భాగమేనని ప్రొఫెసరమ్మ సిద్ధాంతం. దీని మీద మాత్రం ఆవిడ పరిశోధన చెయ్యలేదు.

కూతురి వైపు తిరిగేసరికి అదే గొంతులో వెన్న కరిగింది. "చిట్టి తల్లీ, పాలు తాగేశావా బంగారం?"

"అమ్మా, ఆ చిన్న పెట్టె మళ్ళీ తెస్తావా?"

"అది ఆటవస్తువు కాదమ్మా. పనిచేస్తోందో లేదోనని ఆదివారం నీకు తొడిగానంతే. రోజంతా బుద్ధిగా ఉంచుకున్నావుగా, మా అమ్మే!"

చిట్టి ఏదో చెప్పబోయింది. ఈలోగా కింద బస్సు హారన్ కొట్టింది.

ఆ పెట్టె సంగతి ఇక్కడ చెప్పాలి. అగ్గిపెట్టె అంత ఉంటుంది. పిల్లల చొక్కాకి తగిలిస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు ఆ బిడ్డతో రోజంతా ఏం మాట్లాడారో రికార్డు చేస్తుంది. ఎవరింటి గుట్టూ బయటపడకూడదు కనుక, గొంతులన్నీ మార్చేసి, మాటల్ని మాత్రం కాగితం మీద అచ్చేసి ఇస్తుంది. ఆ కాగితం మీద పేర్లుండవు. పెట్టె ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్ళు "బిడ్డ", మిగతా లోకమంతా "పెద్ద". ఈ పద్ధతంతా ప్రొఫెసరమ్మ స్వయంగా రూపొందించింది. దీనిమీద సభల్లో మాట్లాడి శాలువాలు కూడా కప్పించుకుంది.

చిక్కల్లా ఏమిటంటే, పేదల కాలనీ నుంచి వచ్చిన కాగితాల్లో ఆశించినంత కష్టం లేదు. తల్లులు ఉల్లిపాయలు తరుగుతూ పిల్లలకి కథలు చెబుతున్నారు. తండ్రులు సైకిలు తుడుస్తూ పొడుపుకథలు వేస్తున్నారు. ఒక ముసలాయన మనవడితో గంటసేపు పోట్లాడి ఓడిపోయాడు. అందరూ హాయిగా ఉన్నారు. ఇలాగైతే నిధులెలా వస్తాయి?

ఆఫీసుకి వెళ్ళేసరికి అసిస్టెంటు అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మేడమ్, రాత్రంతా నిద్రలేదు. ఒక ఇల్లు... చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది."

ప్రొఫెసరమ్మ గుండె ఝల్లుమంది. ఆ ఝల్లులో సగం జాలి, సగం ఆశ. అప్పటికే పెద్దావిడ వచ్చి కూర్చుంది.

"అందరి ముందూ చదువమ్మా."

అసిస్టెంటు గొంతు సవరించుకుంది.

"పెద్ద: ఇంకా లేవలేదా? సూర్యుడొచ్చి నీ దుప్పటి మడతపెడతాడా? బిడ్డ: లేస్తున్నా. పెద్ద: తడి తువ్వాలు మళ్ళీ మంచం మీద పడేశావంటే నిన్నూ తీగ మీద ఆరేస్తా. బిడ్డ: సరే."

"దేవుడా!" అంది పెద్దావిడ.

"పెద్ద: గిన్నెలు తోమాకే కంచం ముందుకి రా. బిడ్డ: అలాగే. పెద్ద: నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. గోడే నయం, మేకైనా దిగుతుంది."

"పసిబిడ్డతోనా ఈ మాటలు?" ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

"ఇంకా ఉంది మేడమ్. పెద్ద: ట్యాంకెక్కి నీళ్ళున్నాయో లేదో చూసి చావు. బిడ్డ: నిచ్చెన ఊగుతోంది. పెద్ద: నువ్వు ఊగకు."

గదిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. నిజానికి పడింది కూడా, పెద్దావిడ కొంగుకి పెట్టుకున్న పిన్ను.

"పెద్ద: మీ అమ్మ నిన్ను గారాబం చేసి, చెడగొట్టి, నా నెత్తిన రుద్దింది."

"సవతి తల్లి!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"పెద్ద: గురక పెట్టావంటే హాల్లోకి గెంటేస్తా."

"గురకంటే ముక్కులో కండ పెరిగుంటుంది," అంది పెద్దావిడ. "తిండి సరిగ్గా పెడితేగా!"

"మధ్యలో ఒకచోట," అసిస్టెంటు కాగితం తిప్పింది, "బిడ్డ ఒంటరిగా కూనిరాగం తీస్తున్న చప్పుడు, అని ఉంది మేడమ్. వెనకాల నీళ్ళు కారుతున్న చప్పుడు. ఆ తర్వాత... పెద్ద: ఆపు."

అసిస్టెంటు ఏడ్చింది. పెద్దావిడ ఏడ్చింది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మన మాట మన నోట్లో ఉన్నంతసేపూ న్యాయంగానే ఉంటుంది. కాగితం ఎక్కితే అది ఎవరిదో పరాయి మాట.

"ఇలాంటి రాక్షసి కూడా ఉంటుందా!" అంది ఆవిడ, బల్ల గుద్ది. "ఎర్ర చీటీ వెయ్యి!"

ఎర్ర చీటీ అంటే ఆ ఆఫీసులో బ్రహ్మాస్త్రం. వేస్తే ఆ రోజే శిశు సంక్షేమ అధికారిణి ఆ ఇంటికి వెళ్ళాలి. వేశాక వెనక్కి తీసుకునే హక్కు ప్రొఫెసరమ్మకి కూడా లేదు. పెట్టె పెట్టుకున్నవాళ్ళు ఒంటరిగా అధికారిణి ముందు కూర్చుని "ఈ ఇంట్లో నాకు బాగానే ఉంది" అని సొంత నోటితో చెబితే తప్ప కేసు మూయరు. ఎవరి ఒత్తిడికీ లొంగకూడదని ఈ రూలు పెట్టింది కూడా ఆవిడే.

"నేనూ వస్తాను," అంది పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంటూ. "ఆ బిడ్డ గడప దాటి వెలుగు చూడాలి. మీ మూడేళ్ళ సంగతి అక్కడే తేలుస్తా."

సాయంత్రం, పిల్లలు బడినుంచి ఇళ్ళకి చేరే వేళకి, అధికారిణితో కలిపి నలుగురూ సంక్షేమ శాఖ కారులో బయల్దేరారు. ఆ పెట్టె వెళ్ళిన ఇంటి చిరునామా ఉన్న కవరు రూలు ప్రకారం అధికారిణి ఒక్కతే చించి, డ్రైవరు చెవిలో చెప్పింది. అధికారిణి తక్కువ మాట్లాడే మనిషి, ఆ తక్కువలోనూ సగం ప్రశ్నలే.

కారు పేదల కాలనీ దాటిపోయింది.

"ఇటేంటి?" అంది ప్రొఫెసరమ్మ. మళ్ళీ తనే సర్దుకుంది. "అదే నేనెప్పుడూ చెప్పేది. బయటికి సున్నాలేసిన గోడలు, లోపల నరకం. చూడండి, ఎంత మర్యాదస్తుల వీధిలా ఉందో!"

ఇంకో మలుపు తిరిగింది. "మా వీధి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది," అంది. కారు ఆగిన గేటుకి ఆవిడ పొద్దున ఆరేసిన దుప్పటి వేలాడుతోంది.

"ఇది... ఇది మా ఇల్లు."

"అవును మేడమ్," అంది అసిస్టెంటు, నెత్తురు చుక్క లేని మొహంతో. "ఇప్పుడు తట్టింది. ట్రయల్‌కని మీరు ఇంటికి తీసుకెళ్ళిన పెట్టె, సోమవారం మీరే మిగతావాటితో కలిపి బల్లమీద పెట్టేశారు. ఏ పెట్టె కాగితమూ పారెయ్యకూడదని రూలు కదా."

ప్రొఫెసరమ్మకి కాళ్ళ కింద కారు కదిలిపోతున్నట్టనిపించింది. తను చిట్టితో అలా మాట్లాడిందా? ఎప్పుడు? పిల్లని ట్యాంకెక్కించిందా? "నేను కాదు," అంది. "మా చిట్టిని నేను కంటికి రెప్పలా..."

"అందరూ అలాగే అంటారమ్మా," అంది పెద్దావిడ, పొద్దుట్నించీ పట్టుకున్న ఆవిడ చెయ్యి వదిలేస్తూ.

తలుపు తీసిన భర్త నలుగుర్నీ చూసి "ప్లంబర్ రాలేదా?" అన్నాడు. అధికారిణి చిట్టిని గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. ప్రొఫెసరమ్మ ఆ తలుపుకేసి చూస్తూ, పుట్టినప్పట్నించీ ఆ పిల్లని కసిరిన కసుర్లన్నీ తవ్వుకుంది. రెండే దొరికాయి. రెండూ చెప్పుల గురించే.

తలుపు తెరుచుకుంది.

"పాప బాగుంది," అంది అధికారిణి. "చాలా బాగుంది. కానీ పెట్టె పాప పెట్టుకోలేదు."

"గుచ్చుకుంది అమ్మా," అంది చిట్టి. "అందుకే నాన్న జేబులో పెట్టేశా. ఎవరి దగ్గరుంటే ఏంటనుకున్నా."

అందరి తలలూ ఒక్కసారి భర్త వైపు తిరిగాయి. ఆయన గిన్నె తోమే పీచు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ట్యాంకెక్కిందీ..." అంది అసిస్టెంటు.

"నేనే."

"కూనిరాగం?"

"కుళాయి తాళం వేస్తుంటే ఊరుకోలేక," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

ప్రొఫెసరమ్మకి ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వేసింది. "హమ్మయ్య! మా ఆయనేనా! ఇక ఆ చీటీ చింపెయ్యండి."

అధికారిణి నవ్వలేదు. "రూల్లో 'పెట్టె పెట్టుకున్నవాళ్ళు' అని ఉంది. వయసు రాయలేదు. మీరే రాశారు. ఇలా రండి నాయనా."

ఆ "నాయనా" వినేసరికి భర్త కళ్ళు చెమర్చాయి. బుద్ధిగా గదిలోకి వెళ్ళాడు. తలుపు పడింది. ఎంతసేపటికీ తెరుచుకోలేదు. లోపల్నించి ఒక గొంతు ఆగకుండా వినబడుతోంది. ఆయనకి అన్ని మాటలొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మధ్యలో కూనిరాగం కూడా వినబడింది. ఎవరూ ఆపమనలేదు.

చివరికి అధికారిణి ఒక్కతే వచ్చింది. "కేసు మూయడం కుదరదు. బాగానే ఉందని చెప్పడానికి ఆయనకి కొంచెం టైం కావాలట. అంతవరకూ వారం వారం నేనొచ్చి కూర్చుంటా. రంగు పెన్సిళ్ళు కూడా తెమ్మన్నారు."

"బాగానే ఉందని చెప్పవేం?" అంది ప్రొఫెసరమ్మ గదిలోకి తొంగి చూసి, భర్తతో.

"ఒత్తిడి చెయ్యకూడదు," అన్నాడు ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని. పక్కనే తడి తువ్వాలుంది.

పెద్దావిడ మాత్రం పొంగిపోయింది. ఇలాంటి బాధితుల్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదంటూ, మూడేళ్ళకి బదులు ఐదేళ్ళు నిధులిస్తానంది. ఒక్కటే షరతు, ఈ కేసు మూతపడకూడదు. అని గేటు దగ్గరికి వెళ్ళి, ఫోన్ తీసి, "ఏమండీ, భోంచేశారా?" అని ఇంటికి చిన్న గొంతుతో మాట్లాడింది. అవతలాయన రాంగ్ నంబరనుకుని పెట్టేశాడు.

ఇదీ సంగతి. కేసు మూతపడితే ఆఫీసు పోతుంది, పడకపోతే పరువు పోతుంది. ప్రొఫెసరమ్మ ఇప్పుడు ఇంట్లో "కొంచెం", "దయచేసి" లాంటి మాటలు వాడుతోంది, అలవాటులేక నాలుక కరుచుకుంటోంది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. చదివేవాళ్ళలో అనుభవజ్ఞులెవరైనా ఉంటే ఏం చెయ్యాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. కుళాయికి కూడా ఏదైనా ఉపాయం తెలిస్తే చెప్పండి, ప్లంబర్ ఇంకా దార్లోనే ఉన్నాడు.

చెప్పేదేదో కాస్త మెల్లగా చెప్పండి: అధికారిణి సాక్ష్యానికని తెచ్చిన పెట్టె ఆ సాయంత్రం నుంచి కనబడటం లేదు, చిట్టి ఈసారి ఎవరి జేబులో వేసిందో చెప్పడం లేదు.