తుడిచేసిన పడవ

పొద్దున్నే ఆ పెద్దాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్ల డాక్టరు క్లినిక్కుకి వెళ్లడం, అక్కడి గోడమీది బొమ్మకు ధర కట్టడం, ఇంటికొచ్చి పడుకోవడం. బొమ్మలకు విలువ కట్టీ కట్టీ ఆయనకు ప్రాణం విసిగిపోయింది. విసిగినా మానలేడు. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే ఇక ఇంట్లోనే కూర్చోండి" అని మేనేజరు మొన్ననే మొహంమీద చెప్పేశాడు. ఇంట్లో కూర్చుంటే భార్య, బావమరిది కలిసి ఆయనకే విలువ కడతారు.

డాక్టరు ఇంకా రాలేదు. బయటి గదిలో ఇద్దరు ముగ్గురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల తలల వెనక గోడంతా సముద్రమే. ఈ కాలపు వింత బొమ్మ. నట్టింట్లో సముద్రం నిటారుగా నిలబడి ఉంది. అందులో కుర్చీలు, ఒక తలుపు, ఆ తలుపులోంచి తొంగిచూస్తున్న చేప. ఆ చేపక్కూడా ఓపిక అయిపోయినట్టే ఉంది. ఓ మూల చిన్న ఎర్ర పడవ.

"దుమ్ము కూడా తుడవరు, ఖర్మ!" అని గొణుక్కుంటూ అలవాటుకొద్దీ జేబులోంచి దూది తీసి, నాలుకతో తడిపి, ఆ మూల రుద్దాడు. ఉమ్మిని మించిన మందు లేదని ఆయన నమ్మకం. దుమ్ము పోయింది. దాంతోపాటు పడవా పోయింది.

పెద్దాయన ఎర్రబడ్డ దూదిని ఎక్కడ దాచాలో తోచక నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చింది.

"అయ్యో, రక్తం! ఎంతసేపట్నుంచండీ?"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. "ఇందాకట్నుంచేనమ్మా" అన్నాడు.

"ముందు ఆయన్ని చూడమనండి, పాపం" అని దవడలవాళ్లంతా దారిచ్చారు. అప్పుడే వచ్చిన డాక్టరు ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చాడు. ధర కట్టే మనిషి వస్తాడని మేనేజరు ఫోన్లో చెప్పడమే తప్ప డాక్టరు ఆయన మొహం ఎరగడు.

"ఏ పన్నండీ?"

పెద్దాయన ఏదో ఒకటి చూపించాడు.

"ఇదా? రాయిలా ఉందే!"

"పైకేనండీ. లోపలంతా డొల్ల. పీకేయండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

డాక్టరు పీకేశాడు. నోటినిండా దూది కుక్కి, కాసేపు మాట్లాడొద్దని చెప్పి బయటి గదిలోకి వెళ్లాడు. వెళ్లీ వెళ్లగానే అక్కణ్నుంచి ఒక కేక. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

డాక్టరు నవ్వుకుంటూ నర్సు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "పడవ పోయిందమ్మా! పడవ లేని సముద్రమేంటని మా అత్తగారు లిప్‌స్టిక్‌తో గీసేసిందది. తుడిస్తే ఆవిడకి కోపం, తుడవకపోతే బొమ్మకి రేటు రాదు. ఏ మహానుభావుడు తుడిచాడో గానీ కాళ్లకి దండం పెట్టాలి!"

మహానుభావుడు కుర్చీలోంచి "ఊఁ! ఊఁ!" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు అప్పటికే ఫోను తీశాడు.

"మేనేజరుగారూ, ధర కట్టడానికి మనిషి వస్తాడన్నారు, ఇప్పటిదాకా అజాపజా లేదు. ఇదేం పద్ధతండీ? ఏంటీ... ఇవాళ్టితో మాన్పించేస్తారా? సరే, మీ ఇష్టం."

పెద్దాయన గాభరాగా సగం లేచి, రెండు చేతులతో తన్ను తాను చూపించుకున్నాడు. డాక్టరు ఫోను పెట్టేసి జాలిగా వంగాడు.

"ఏంటండీ, పక్కది కూడా నొప్పా?"

జరిగిందంతా మొదట్నుంచీ చెప్పుకొచ్చే ఓపిక లేక, పెద్దాయన మళ్లీ నోరు తెరిచాడు.