మసి పట్టినా పర్లేదు, ఫొటో బాగా రావాలి!

పనిచేసే వస్తువు కన్నా ఫొటోలో బాగా పడే వస్తువే ఈ లోకానికి ఎక్కువ మేలు చేస్తుందని నేను బల్లగుద్ది చెబుతాను. నవ్వొస్తోందా? నవ్వండి. మా అక్క కూడా మొదట్లో నవ్వింది.

మా అక్క ఒక పరిశోధనాశాలలో సైంటిస్టు. ఆవిడ పని పొడి తయారు చెయ్యడం. ముఖానికి రాసుకునే పొడి కాదు లెండి, అదే అయితే ఈపాటికి ఆవిడ ఎంత పేరు తెచ్చుకునేదో! ఇది ఉత్ప్రేరకం పొడి. చెత్తదిబ్బల్లోంచి లేచే మీథేన్, ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి చూశారూ, రెండూ భూమికి జ్వరం తెప్పించే ఘనులే. ఆ ఇద్దరినీ కలిపి కొలిమిలో ఎర్రగా కాలుతున్న గొట్టంలోకి తోలి, ఈ పొడి మీదుగా పోనిస్తే, బుద్ధి తెచ్చుకుని ఇంధనాల తయారీకి పనికొచ్చే వాయువులుగా బయటికొస్తాయి.

అసలు పని చేసేవి నికెల్ రేణువులు. కానీ నికెల్‌కి కూర్చోడానికి ఆసరా కావాలి. ఆ ఆసరా ఇచ్చే పదార్థం ఆకారం మీదే కథంతా ఉందని అక్క అంటుంది.

"పదార్థం అదేనే. నలుచదరపు బిళ్లల్లా చేస్తే, నికెల్ రేణువులు జారి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టేస్తున్నాయి. పైన మసి పేరుకుంటోంది. పుల్లల్లా చేస్తే ఎక్కడివక్కడ అతుక్కుని ఉంటున్నాయి. మసి పట్టబోతే పుల్లే తనలో ఉన్న ఆక్సిజన్ ఇచ్చి దాన్ని కాల్చేస్తోంది."

"అయితే మనుషుల్లోనూ సన్నగా ఉన్నవాళ్లే..." అని నేనేదో అనబోయాను.

"నోర్మూసుకుని విను," అంది. అక్క కదా, విన్నాను.

ఆ గుణం కళ్లారా చూడ్డానికి ఆవిడ ఏళ్ల తరబడి కొలిమి ముందు నిలబడింది. కనుబొమలు కాల్చుకుంది. మా బావ పుట్టినరోజు మర్చిపోయింది. బావ కూడా మర్చిపోయాడు కాబట్టి కాపురం నిలబడింది.

ఇక డైరెక్టర్ గారి దగ్గరికి వద్దాం. ఆ పరిశోధనాశాలకి పెద్దదిక్కు ఆయనే. ఈ పొడితో నడిచే కొత్త యంత్రం ప్రారంభోత్సవానికి ఓ పెద్ద అతిథి వస్తున్నాడని, గోడంత పోస్టర్ వేయించాలని, అక్కని పిలిచి మైక్రోస్కోప్ ఫొటోలు చూపించమన్నారు. బిళ్లల ఫొటో చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఎంత అందం! ఎవరో కూర్చుని చక్కెర బిళ్లలు పేర్చినట్టు! తర్వాత పుల్లల ఫొటో చూశారు.

"ఇదేంటమ్మా? చీపురు విరిగినట్టుంది."

"అదే పని చేస్తుంది సార్."

"పని సరే. పోస్టర్ మీద వేస్తే జనం ఏమనుకుంటారు? ఊడవలేదనుకుంటారు! యంత్రంలో బిళ్లలే వెయ్యండి."

"బిళ్లలకి మసి పడుతుంది సార్. గొట్టం పూడుకుపోతుంది."

"అతిథిగారు ఉండేది కాసేపే. అంతలోనే పూడుకుపోదులే."

చూశారా ముందుచూపు! యంత్రం ఎంతకాలం పనిచెయ్యాలో, సభ ఎంతసేపు జరుగుతుందో చూసి నిర్ణయించడం ఎంతమందికి వస్తుంది చెప్పండి? అక్కకి మాత్రం ఒక మూల పాత కొలిమిలో పుల్లలు పెట్టుకోడానికి అనుమతి దొరికింది. అదీ దాని ముందు తెర కట్టాలన్న షరతు మీద.

ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లాను. కుర్చీలకి తెల్ల గుడ్డలు, యంత్రానికి రిబ్బన్, గోడ మీద ఆకాశమంత చక్కెర బిళ్లలు! అతిథి మీట నొక్కాడు. చప్పట్లు. కానీ ఆయనకి మాట్లాడ్డం మహా ఇష్టం అన్న సంగతి డైరెక్టర్ గారి లెక్కలోకి రాలేదు. భూమి గురించి, గాలి గురించి, తన బాల్యం గురించి చెప్పుకుంటూ పోయాడు. బాల్యం దగ్గర బాగా ఆగిపోయాడు. అక్క కళ్లు మాత్రం ప్రెషర్ ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు పైకి పాకుతోంది.

"ఆపేద్దాం సార్," అంది గుసగుసగా.

"ఉపన్యాసాన్నా?" అన్నారు డైరెక్టర్ గారు, భయంగా.

"యంత్రాన్ని!"

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "ఇప్పుడు కాదు," అన్నారు. అప్పుడు బుస్సుమని సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. గ్యాస్ పైకప్పు మీది గొట్టంలోంచి బయటికి పోయింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ చప్పుడుకి అతిథి బాల్యం అక్కడితో ముగిసింది. అక్క పరుగెత్తి గ్యాసులు కట్టేసింది.

యంత్రం చల్లారాక గొట్టం విప్పారు. లోపల బిగుసుకుపోయిన నల్లటి ముద్ద. ఇక డైరెక్టర్ గారి ఉద్యోగం ఊడినట్టే అనుకున్నారా? మీరు అమాయకులు! ఆయన గ్లవ్స్ తొడుక్కుని, ఆ ముద్దని పైకెత్తి, విలేకరుల వైపు తిరిగారు.

"కార్బన్‌ని అదుపు చెయ్యాలని ప్రపంచమంతా గోల పెడుతోంది. ఇదిగో, మేం చేత్తో పట్టుకున్నాం!"

చప్పట్లు! ఫొటోలు! మర్నాడు పేపర్లన్నిటిలో ఆయనే. మసిని ఎక్కువగా పట్టే ఆకారాలు కనిపెట్టడానికి కొత్త విభాగం మంజూరైంది. దానికి అధిపతి ఎవరనుకున్నారు? మా అక్కే!

"మసి చెయ్యడానికి ఇంత చదువు అక్కర్లేదు సార్," అంది అక్క.

"ఎంత వినయమమ్మా!" అని డైరెక్టర్ గారు పొంగిపోయారు.

ఆవిడ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఇంకో ఊళ్లో, చెత్తదిబ్బ పక్కన, రేకుల షెడ్డులో పనిచేసుకునే చిన్న సంస్థ ఒకటి పుల్లలతో పనుంది రమ్మంటే ఒప్పుకుంది. ఇంకా సర్దుకోకముందే తెర వెనక కొలిమిని మసి విభాగానికి ఇచ్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. నేను వెళ్లేసరికి అది ఇంకా నడుస్తూనే ఉంది. ప్రారంభోత్సవం రోజు నుంచీ ఆగకుండా! గొట్టం చివర, బయటికొచ్చే వాయువు మండుతూ సన్నటి నీలిమంట. చప్పుడు లేదు, పొగ లేదు, చూసేవాళ్లు అసలే లేరు.

అక్క తన చేత్తోనే కట్టేసింది. మంట ఆరిపోయింది. చల్లారాక గొట్టం విప్పి, లోపలి పొడి బయటికి తీసి, వెలుతురు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత నాకిచ్చింది. మసి లేదు. అటు వైపున్న కిటికీ కనిపించింది.

"ఫొటో తీస్తానే," అన్నాను.

"దేన్ని? ఖాళీనా?" అంది.

తీశాను. ఈ వ్యాసంతో పాటు ఎడిటర్ గారికి పంపాను. ఆయన మర్యాదస్తుడు. స్వయంగా ఫోన్ చేసి, "ఇందులో ఏమీ కనిపించట్లేదమ్మా, ఇంకేదైనా మంచిది చూసి వేస్తాం," అన్నారు.

కాబట్టి పాఠకులకి చిన్న మనవి. ఈ పక్కన, నల్లటి ముద్ద పట్టుకుని పళ్లికిలిస్తున్నది మా అక్క కాదు.