ఎక్కడివారక్కడే కూర్చోండి

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళి ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు చేయాలి. రోడ్డుకు అవతల ఉన్న పెద్ద రైల్వే స్టేషనుకు వెళ్ళి, బండి దిగే అత్తగారికి ఎదురెళ్ళాలి. ఇద్దరూ ఇంటికి చేరి వేడివేడిగా భోంచేయాలి. "ఒక్క నిమిషం పని" అని భర్తకు చెప్పి బయల్దేరింది. ఎంత పనైనా ఆమె అడిగేది ఒక్క నిమిషమే. అందుకే ఆఫీసులో ఆమె పేరు అందరూ మర్చిపోయి, ఒక్కనిమిషం అనే పిలుస్తున్నారు.

ఆమె ఆఫీసువాళ్ళు తయారుచేసిన ప్రోగ్రామే ఆ స్టేషన్లో మైకులను మాట్లాడిస్తుంది, బోర్డుల మీద అక్షరాలను వెలిగిస్తుంది. అందులో ఒక లోపం ఉంది. అత్యవసర ప్రకటన కాస్త పొడుగైతే చాలు, బోర్డు మీద వాక్యం నడిమికి విరిగిపోతోంది. దాన్ని సరిచేయడమే ఆ రోజు పని. సరిచేసింది కూడా. ఇక ఒక పొడుగాటి వాక్యం రాసి, బల్ల మీదున్న చిన్న టెస్టు బోర్డుకు పంపి చూసుకోవడమే మిగిలింది.

ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా అత్తగారి ఫోను వచ్చింది.

"అమ్మాయ్, బండి స్టేషన్లోకి వస్తోంది. అసలే నా మోకాళ్ళు మాట వినట్లేదు. ఆ జనంలో నేనెక్కడ నిలబడను?"

"నిలబడొద్దు అత్తయ్యా. దిగిన చోటే ఎక్కడో ఒకచోట కూర్చోండి. నేను వచ్చేదాకా కదలకండి."

ఫోను పెట్టేసరికి వాక్యం దొరికింది. "దయచేసి ఎక్కడివారక్కడే కూర్చోండి. మేము వచ్చేదాకా ఎవరూ కదలకండి" అని టైపు చేసి మీట నొక్కింది.

టెస్టు బోర్డు మీద ఏమీ వెలగలేదు.

వెలగదు మరి. ఆమె ముందు రెండు విండోలు తెరిచి ఉన్నాయి. ఒకటి టెస్టుది, రెండోది నిజం స్టేషనుది. మొన్నటిదాకా స్టేషను విండో ఎర్రగా, టెస్టు విండో పచ్చగా ఉండేవి. ఎరుపు చూస్తే మనసుకు గాభరాగా ఉంటుందని ఆఫీసు డిజైనరు రెండింటికీ ప్రశాంతమైన లేత నీలం వేశాడు. ఆమె అంతే ప్రశాంతంగా మళ్ళీ ఒకసారి నొక్కింది. అప్పుడూ ఏమీ కాకపోయేసరికి, టెస్టు బోర్డు తీగ ఊడిందేమోనని బల్ల కిందికి దూరింది.

బల్ల కింది నుంచి లేచి చూస్తే, గోడ మీది పెద్ద తెర నిలిచిపోయి ఉంది. స్టేషను హాల్లో ఉన్న కెమెరా బొమ్మ ఎప్పుడూ ఆ తెర మీద ఆడుతుంటుంది. బోర్డులు సరిగా వెలుగుతున్నాయో లేదో చూసుకోవడానికి పెట్టుకున్నది. ఇప్పుడందులో కదలిక లేదు. కెమెరాలు చూసే ఇంజనీరుకు ఫోను చేసింది.

"మీ బొమ్మ ఆగిపోయిందండీ."

"లేదే, బాగానే వస్తోంది."

"ఏం బాగు? ఒక్క మనిషీ కదలట్లేదు."

అంటుండగానే తెరకు ఆ మూల నుంచి ఈ మూలకు ఒక పావురం ఎగిరింది.

బొమ్మ ఆగలేదు. జనం ఆగారు. ఎప్పుడూ చీమలబారుల్లా పరిగెత్తే ఆ హాల్లో వేలమంది నేల మీద కూర్చుని ఉన్నారు. పెట్టెల మీద కొందరు, మెట్ల మీద కొందరు, మిగిలినవాళ్ళు ఎక్కడివారక్కడే. జెండా పట్టుకునే గార్డు జెండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టిక్కెట్లిచ్చే గుమస్తా ముందునుంచీ కుర్చీలోనే ఉన్నాడు కాబట్టి, ఆజ్ఞ పాటించినట్టు తెలియాలని ఒకసారి లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఇంట్లో పిల్లి కూడా తన మాట వినదు. అలాంటిది తాను రాసిన ఒక్క వాక్యానికి ఇంత లోకం మోకాళ్ళు వంచిందా? భయం కన్నా ముందు ఆమెకు ఒళ్ళు జలదరించింది.

భయం తర్వాతి క్షణంలో వచ్చింది. ప్రకటన ఆపే మీట నొక్కింది. "రెండో వ్యక్తి అనుమతి కావాలి" అంది తెర. అత్యవసర ప్రకటన పంపడానికి ఒకరు చాలు, ఆపడానికి ఇద్దరు కావాలి. కంగారులో ఎవరైనా తెలియక ఆపేస్తారేమోనని ముందుచూపుతో పెట్టిన నియమం అది. ఆ ముందుచూపు కూడా మన ఒక్కనిమిషానిదే.

రెండో వ్యక్తి మేనేజరు. ఆయన ఆ సమయంలో పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆమె విషయం చెప్పగానే ఆయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అది నొప్పో, బాధ్యతో తెలియలేదు.

"సార్, మీ ఫోనుకు అంకెలు వచ్చుంటాయి. చదవండి సార్!"

"ఆ-ఉ... ఏ-ఉ... ఆ-ఉ..."

"ఆరా సార్, ఏడా?"

"ఆ-ఉ!"

"ఆరు. తర్వాత?"

"ఆఉ కాఉ! ఆ-ఉ!"

డాక్టరు ఫోను అందుకుని, "అమ్మా, ఆయన దవడకు మత్తిచ్చాం. మాట్లాడించకండి" అన్నాడు. "పోనీ, ఆ అంకెలు మీరు చదవండి డాక్టరుగారూ" అని బతిమాలింది. కళ్ళజోడు తెచ్చుకుని ఆయన చదివేలోగా, ఆమె ఊహించి కొట్టిన అంకెలన్నీ తప్పై, ఆమె ఖాతాకే తాళం పడింది. ఇక స్టేషన్లో ఉన్న కంట్రోలు గదికి స్వయంగా వెళ్ళి ఆపించడం తప్ప దారి లేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాటింది.

హాల్లోకి నాలుగడుగులు వేసిందో లేదో, నలుమూలల నుంచీ కేకలు.

"ఏమ్మా, నీకు వేరే చెప్పాలా? కూర్చో!"

"అందరం కూర్చోలేదూ? చదువుకున్నదానిలా ఉన్నావు!"

"ఒక్క నిమిషం, నేనే..." అనబోయింది. పక్కనే కూర్చున్న పోలీసు, కూర్చున్నచోటు నుంచే ఆమె చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. పైన మైకు తేనెలాంటి గొంతుతో ఆమె వాక్యాన్నే ఆమెకు మళ్ళీ వినిపించింది.

లేవడానికి వీల్లేదు కాబట్టి, కూర్చునే జరగడం మొదలుపెట్టింది. చేతులు నేలకు ఆనించి, కాస్త లేచి, కాస్త ముందుకు. కంట్రోలు గది హాలుకు ఆ చివర ఉంది. దారిపొడుగునా గుసగుసలు చెవిన పడుతున్నాయి.

"ఎవరో పెద్దమనిషి పోయారటగా?"

"కాదండీ, ఎవరో కోడలు రావాలట. ఆవిడ వచ్చేదాకా కదలొద్దన్నారట."

"ఎవరి కోడలు?"

"ఇంత మందిని కూర్చోబెట్టారంటే మామూలు ఇంటి కోడలై ఉంటుందా? మంత్రిగారి కోడలే."

ఒక్కనిమిషం తలెత్తి చూసింది. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. దూరంగా ఒక స్తంభం పక్కన సంచి మీద కూర్చుని, అత్తగారు చుట్టూ ఉన్నవాళ్ళకు చేతులు తిప్పుతూ చెబుతోంది. "మా కోడలు కంప్యూటర్లలో చేస్తుంది లెండి. ఏం చేస్తుందో నాకిప్పటిదాకా అంతుబట్టలేదు. నా మోకాళ్ళ నొప్పికి స్టేషనంతా కూర్చోబెట్టేస్తుందని నేననుకున్నానా?"

అత్తగారి చూపు తప్పించుకుని పక్క వరుసలోకి జరిగింది. అక్కడ ఒకావిడ ఫోన్లో ఒక ముసలాయన ఫోటో పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"మా నాన్న. బడిపంతులుగా చేశారు, ఇప్పుడు మతిమరుపు మనిషి. తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్ళిపోయారు. స్టేషను వైపు వచ్చారని ఎవరో చెప్పారు. వచ్చినప్పట్నుంచీ తిరుగుతూనే ఉన్నా. ఎటు చూసినా వీపులూ భుజాలే. ఇప్పుడు నన్నూ కూర్చోబెట్టేశారు. ఎవరో తెలివితక్కువవాళ్ళు!"

ఒక్కనిమిషం తలొంచుకుంది. మర్యాదగా ఒప్పుకోవాలనుకుంది గానీ, ముందు ఫోటోలోని మొహం కోసం చుట్టూ వెతికింది.

అప్పుడు వినబడింది చెప్పుల చప్పుడు. నింపాదిగా, ఎవరికీ భయపడని చప్పుడు. తలెత్తి చూస్తే, అంత పెద్ద హాల్లో ఒకే ఒక్క మనిషి నడుస్తున్నాడు. తెల్ల చొక్కా, పైదాకా పెట్టుకున్న గుండీలు, వెనక కట్టుకున్న చేతులు. పై అద్దాల్లోంచి దిగుతున్న ఎండలో, కూర్చున్న వేల తలల మధ్య నుంచి, పంటచేను చూసుకునే రైతులా నడుస్తున్నాడు. మైకు చెప్పేది ఆయన చెవికి ఎక్కినట్టు లేదు. కూర్చున్నవాళ్ళను మాత్రం చూసి తృప్తిగా తలూపుతున్నాడు.

"బాగుంది. ఇలాగే కూర్చోవాలి. ఆ చివర ఎవరు మాట్లాడుతున్నది?"

ఆ చివర మాట్లాడుతున్నవాళ్ళు టక్కున నోరు మూసుకున్నారు. గుసగుసలు ఒక్కో వరుసా ఆరిపోతూ వచ్చాయి. చివరికి పావురాల రెక్కల చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. పోలీసు తనకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. ఎప్పుడో బడి మానేసిన మీసాలవాళ్ళూ, నెరిసిన తలలవాళ్ళూ వీపులు నిటారుగా పెట్టారు.

"నాన్నా!" ఫోటో పట్టుకున్నావిడ లేచి నిలబడింది.

ఆయన ఆగి, ఆమె వైపు వేలు చూపించాడు. "కూర్చో. పేరు పిలిచినప్పుడే లేవాలి."

ఆవిడ కూర్చోలేదు. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమెను గుర్తుపట్టాడో లేదో గానీ, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

"అందరూ వచ్చారా?" అని అడిగాడు.

"వచ్చారు నాన్నా."

"ఒక్కరూ తప్పిపోలేదు కదా?"

"లేదు నాన్నా. అందరూ దొరికారు."

ఆయన హాలంతా ఒకసారి కలయజూశాడు. తర్వాత కుడిచెయ్యి మెల్లగా పైకెత్తాడు. "అయితే లేవండి. తోసుకోకుండా, వరుసగా వెళ్ళండి."

హాలు మొత్తం లేచింది. సముద్రం లేచినట్టు లేచింది. పైన మైకు "ఎవరూ కదలకండి" అని అప్పటికీ మొత్తుకుంటూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ స్టేషను పుట్టాక ఎన్నడూ లేనట్టు, జనం ఒకరి వెనక ఒకరు నడిచి బండ్లెక్కారు. ముసలాయన చివరి మనిషి వెళ్ళేదాకా నిలబడి చూశాడు. ఒక్కనిమిషం ఇంకా నేల మీదే ఉంది. ఇన్నేళ్ళూ ఆమె యంత్రాలకు ఆజ్ఞలు రాసింది. ఆజ్ఞ అంటే ఏమిటో ఇప్పుడు చూస్తున్నట్టనిపించింది. కళ్ళు ఎందుకు తడిశాయో తెలియకుండానే తుడుచుకుంది.

అత్తగారు కుంటుతూ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "లే అమ్మాయ్. ఇంత గొప్పదానివని నాకెప్పుడూ చెప్పలేదే!"

"గొప్పేం కాదత్తయ్యా. నా ఉద్యోగం పోయేలా ఉంది."

కంట్రోలు గదివాళ్ళు కూడా లేచి మైకు ఆపాక, స్టేషను అధికారి గదిలోకి పిలుపు వచ్చింది. దవడ ఒకవైపు వాచిన మేనేజరూ పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె తడబడకుండా చెప్పేసింది. "అయ్యా, తప్పు నాది. ఒక విండోలో రాయాల్సింది ఇంకో విండోలో రాశాను. ఆపడం చేతకాలేదు."

అధికారి నవ్వాడు. "తెలుసమ్మా. మీరిలాంటివి బయటికి చెప్పుకోరు. తప్పిపోయిన మనిషిని పట్టుకోవడానికి మిగతా అందర్నీ కూర్చోబెట్టాలని నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ తట్టలేదు. ఏమంటారు మేనేజరుగారూ?"

మేనేజరు ఏదో అనబోయాడు. పెదవి లేవలేదు. ఆ మౌనాన్ని అధికారి వినయం కింద లెక్కవేసి, లేచి ఇద్దరితోనూ చేతులు కలిపాడు. "దీన్ని శాశ్వతంగా పెట్టించండి. ప్రతి స్టేషనుకూ కావాలి."

ఆమె మరో రెండుసార్లు నిజం చెప్పింది. చెప్పినకొద్దీ ఆయన దృష్టిలో ఆమె వినయం పెరిగిపోయింది. విండోల రంగులు మాత్రం ఆ సాయంత్రమే మారాయి, మార్చింది ఆమే. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆఫీసంతా ఆ పని మీదే కూర్చుంది. మంచి గొంతు వెతికారు, వాక్యాన్ని పండితులతో దిద్దించారు, ఎంత బిగ్గరగా చెప్పాలో కొలిచారు, అనుమతులన్నీ తెచ్చుకున్నారు. అంతా సిద్ధమయ్యాక ఒక మంచిరోజు చూసి, అధికారులందరి ఎదుటా, అదే స్టేషన్లో మీట నొక్కారు.

ఒక్కరూ కూర్చోలేదు.