యెషి రాకముందే కూలిన రాజ్యం

ఆఫ్రికాలో, ఎర్రమట్టి కొండల నడుమ ఉన్న ఒక పెద్ద అడవిలో ఓ పాత రాజ్యం ఉండేది. తాతల నాటి రాతి స్తంభాలు తప్ప అక్కడ గట్టిగా నిలబడినదేదీ లేదు. సింహం అద్మాసు రాజు. బబూన్ కోతి దెస్తా సేనాపతి. తండ్రి సేనాపతి కాబట్టి అతనూ సేనాపతే.

ఒక మధ్యాహ్నం దెస్తా, సైనికులు భోంచేసి కునుకు తీస్తుండగా సరిహద్దు కనుమ శత్రువు చేతికి పోయింది. పట్టుకున్నది దుమ్ములగొండి యెషి. ఒకప్పుడు రాజుగారి అంగరక్షకురాలు. రాజబంధువులు తినేసిన మాంసం ఆమె దొంగిలించిందని చెవి కోసి వెళ్ళగొట్టారు.

"కనుమ ఎలా పోయిందయ్యా?" అని రాజు గర్జించాడు.

నిద్రపోయామని ఎలా చెప్పడం? దెస్తా గొంతు సవరించుకున్నాడు. "మహారాజా, అది మామూలు దుమ్ములగొండి కాదు. ఏనుగంత ఉంది! ఊపిరి వదిలితే చెట్లు మాడిపోతున్నాయి."

రాజు ముఖం విప్పారింది. "అలాంటిదాని చేతిలో ఓడితే మనకేం నామోషీ? అడవంతా చాటించు!"

చాటించారు. అంతే, తర్వాత ఓడిన ప్రతి దళమూ తన వంతు కలిపింది. చిరుతలు మూడు తలలన్నాయి. అడవిపందులు బాణాలు దిగవన్నాయి. పారిపోయి వచ్చినవాళ్ళందరికీ సభలో సన్మానాలు.

యెషి కొండ దిగుతోందని తెలిసిన రోజు అడవి ఖాళీ కావడం మొదలైంది. దెస్తా ఇంటికి పరుగెత్తేసరికి భార్య పిల్లల్ని వీపున ఎక్కించుకుంటోంది.

"ఆగవే! అదంతా నేను కల్పించిందే!"

"అయ్యో, భయంతో మీకు మతి పోయినట్టుంది," అని కన్నీళ్ళు పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది.

రాజు అంతకుముందే వెళ్ళిపోయాడు.

కోట ద్వారం దగ్గర దెస్తా ఒక్కడే నిలబడ్డాడు. యెషి కుంటుకుంటూ వచ్చింది. బక్కచిక్కి ఉంది. వెనక అలసిపోయిన గుప్పెడు మంది.

"అందరూ ఏరి?"

"పారిపోయారు."

"ఎవరికి భయపడి?"

"నీకే."

యెషి నేల మీద కూలబడింది. "నేను దొంగను కాదని రాజు నోటితో ఒక్క మాట చెప్పించుకుందామని వచ్చాను. ఇప్పుడెవరు చెబుతారు?"

దెస్తాకు మొదటిసారి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు.

"సింహాసనం ఖాళీగానే ఉంది రాణీగారూ," అన్నాడు వంగి. "ఇకనుంచి మీరు ఏం చెబితే అదే నిజం."

 యెషి లేచి లోపలికి, సింహాసనం వైపు నడిచింది. దెస్తా సేనాపతిగానే ఉండిపోయాడు.

నీతి: యుద్ధంలో నిద్రపోయినా ఫరవాలేదు, లేచాక శత్రువును పొగడటం మాత్రం మరవకండి.