గట్టి స్ప్రింగుల కారులో అత్తగారు

ఏడింటికి అరకులో బయలుదేరి పదింటికల్లా ఎస్.కోట చేరాలన్నది శివప్రసాద్ పథకం. అక్కడ అత్తగారి చెల్లెలు టిఫిన్ హోటల్ పెడుతోంది. మొదటి పొయ్యి అక్క చేతుల మీదుగానే వెలగాలని ఆవిడ పట్టు. చిక్కల్లా ఒక్కటే. అత్తగారు అప్పలనర్సమ్మకు ఘాట్ రోడ్డంటే వాంతులు. మలుపుల్లో కారు ఒరగడం వల్లే ఇదంతా అని తేల్చిన అల్లుడు, వారం ముందే బండి ఎత్తు తగ్గించి గట్టి స్ప్రింగులు వేయించాడు.

మొదటి మలుపులో కారు ఒరగలేదు.

"చూశారా అత్తయ్యా?"

అంతలో గుంత వచ్చింది. కొత్త స్ప్రింగులు దాన్ని ఉన్నదున్నట్టుగా ఆవిడ నడుముకు అందజేశాయి.

"ఏటి బాబూ ఇది! రోకలి మీద కూసోబెట్టారేటి?"

వెనక బరువు చాలక ఎగురుతోందనుకున్నాడు. దారిలో తెలిసిన రైతు ఫల్గుణ, ఎస్.కోట మిల్లుకు పంపాల్సిన రెండు చోళ్ల బస్తాలతో, అంటే రాగుల బస్తాలతో, నిలబడి ఉన్నాడు. రెండూ డిక్కీలో వేయించాడు. కుదుపు తగ్గింది. కానీ వెనక బరువుకు ముందు చక్రాలు తేలికపడ్డాయి. తరువాతి మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పిట్టగోడ మీదికే పోయి, జానెడు దూరంలో ఆగింది.

ఒక బస్తాను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. అత్తగారు వెనక్కి మారింది. ఇప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా బండి ముందుకు తూలి ముక్కు నేలకు దించుతోంది. చెక్‌పోస్టు స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట గీరుకుని ఆగింది.

కానిస్టేబుల్ వంగి చూశాడు. "అడుగున ఏటి దాసేరు? గంజాయా?"

"స్ప్రింగులండీ! మలుపుల్లో ఒరగకుండా..."

"అదే ఎస్సైగారికి సెప్పండి."

బస్తాలు విప్పితే చోళ్లే. బండి ఖాళీ చేసినా కిందికే ఉంది. అది చూసి ఎస్సైకి అనుమానం ఇంకా బలపడింది. మెకానిక్ వచ్చి చెప్పేదాకా కదలడానికి వీల్లేదన్నాడు.

తొమ్మిదిన్నరయింది. అప్పలనర్సమ్మ అటుగా వచ్చిన సర్వీసు జీపుకు చెయ్యి అడ్డం పెట్టింది. లోపల పద్నాలుగు మంది, పైన సామాను. ఆగినచోటే అటూ ఇటూ ఊగుతోంది.

"అత్తయ్యా, వద్దు! వాంతులు!"

"మీరు నిదానంగా రండి బాబూ. నాను బేగెల్లాల."

మెకానిక్ వచ్చి సాక్ష్యం చెప్పాక, ఒక్క గుంతా వదలకుండా ఘాట్ దిగి శివప్రసాద్ ఒంటిగంటకు హోటల్ చేరాడు. పొయ్యి ఎప్పుడో వెలిగింది. అప్పలనర్సమ్మ మూడో ఇడ్లీ మీద ఉంది.

"జీపులో ఎలా ఉంది అత్తయ్యా?"

"ఉయ్యాల్లాగ ఊగింది బాబూ. నిద్దరట్టేసింది."

చెల్లెలు వేడి ఇడ్లీల ప్లేటు తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. అతను దానివంక ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హోటల్ వెనక్కి పరుగెత్తాడు.

కారును ఎస్.కోటలో ఒక మెకానిక్‌కు అప్పగించి, సాయంత్రం ఇద్దరూ అరకు జీపెక్కారు. అప్పలనర్సమ్మ అంచు సీటు అల్లుడికి ఇప్పించింది.